నిలబడి నీళ్ళు

ముప్పై నాలుగేళ్ళు పాల ట్యాంకరు తోలాడు హాల్వర్.
విస్కాన్సిన్ గుట్టల్లో, తెల్లారగట్ల మూడింటికి,
వైపర్లు అద్దం మీది మంచుని గోకుతుంటే
ఆగడమంటే పాలు విరగడమే అతనికి.
తిండి ఒళ్ళో. కాఫీ మోకాళ్ళ మధ్య.
దారిలో ఊళ్ళ పేర్లన్నీ వరసగా చెప్పేవాడు,
ఏ ఊళ్ళో ఏముందో మాత్రం అడక్కూడదు.

రిటైరయ్యాక ఈ మోటారిల్లు కొన్నాం, పాతది.
ఇరవై ఏడు అడుగులు, పక్కన గోధుమరంగు చార.
మలుపు తిరిగితే చాలు అలమర తలుపు తెరుచుకుని
గిన్నెలన్నీ నా మీదికి పంచాయితీకొస్తాయి.
దాని పిడికి నా జడ రబ్బరు బ్యాండు వేశాను.
"పసిఫిక్ సముద్రం దాకా పది రోజులు," అన్నాడు
వంటింటి బల్ల మీద పటం పరిచి,
ఎన్నడూ లెక్క తప్పని మనిషి.

ఇవాళ్టికి పంతొమ్మిదో రోజు.
ఇంకా మిస్సోరీ నది దాటలేదు.

ఎందుకంటే, ఆగుతాడు.
చేత్తో రాసిన బోర్డు కనబడితే చాలు, ఆగుతాడు.
మొక్కజొన్న పొత్తులు, డజను: ఆగాం.
పాత కుట్టుమిషన్ల ప్రదర్శన, బుధవారం సెలవు:
బుధవారమే వెళ్ళాం,
కిటికీ అద్దానికి నుదురానించి చూసొచ్చాం.
మిన్నెసోటాలో ఒక ఊళ్ళో నీళ్ళ ట్యాంకుకి
నవ్వుమొహం వేశారు, ఒక కన్ను వెలిసిపోయింది.
దాని నీడలో కుర్చీలు వేసుకున్నాం,
నీడ మమ్మల్ని వదిలేసి రోడ్డు దాటేదాకా.

మురుగు గొట్టం విప్పే చోట
స్నేహాలు కుదురుతాయని నాకెవరూ చెప్పలేదు.
అలబామా నుంచి వచ్చారు క్లీఫస్, ఒడెస్సా.
చేతులకు తొడుగులు, మొహం పక్కకి తిప్పుకుని,
మనవరాలి పెళ్ళి మొత్తం చెప్పింది ఒడెస్సా,
అలిగిన మేనత్తతో సహా.
చేతులు కడుక్కున్నాక బెండకాయ వేపుడు పంపింది,
పళ్ళెం తిరిగివ్వొద్దంది.
ఖాళీ పళ్ళెం ఎలా ఇస్తానని మొక్కజొన్న ఉడకేశాను.
అది ఉడికేలోపు వాళ్ళ బండి వెళ్ళిపోయింది.
నీలం పూల పళ్ళెం, అంచు కాస్త పెచ్చూడింది,
ఇప్పుడది మాతోపాటు పడమటికి వస్తోంది.

ఇంకోచోట ఒక కొట్టం ముందు
సీసా పాలు అమ్ముతున్నారు, అమ్మే మనిషి లేడు.
డబ్బులు డబ్బాలో వేసి మూత తీశాడు.
తాగలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూశాడు.
"ఆవు అడివుల్లి మేసింది," అన్నాడు, "నిన్న సాయంత్రం."
నవ్వబోయి ఊరుకున్నాను.
అన్నేళ్ళూ ప్రతి కొట్టం దగ్గరా
ముందు ఆ ముక్కు ఒప్పుకోవాలి,
ఆ తర్వాతే ట్యాంకరులోకి పాలు.

నిన్న మధ్యాహ్నం, దక్షిణ డకోటాలో,
కంటిమేరలో చెట్టన్నది లేని చోట
ఒక చేతిపంపు కనిపించింది.
నేను కొట్టాను, అతను దోసిలి పట్టాడు.
ముందు తుప్పు, తర్వాత గాలి,
తర్వాత పళ్ళు జివ్వుమనే నీళ్ళు
మోచేతుల మీంచి చొక్కాలోకి కారాయి.
అప్పుడే వెళ్ళింది ఒక పాల ట్యాంకరు
ఎండని మోసుకుంటూ, నిండుగా.
నిండుగా ఉందని అతనే చెప్పాడు, టైర్ల చప్పుడు విని.
లోపల ఎవరో కుర్రాడు, ఒళ్ళో ఏదో పొట్లం,
మమ్మల్ని చూశాడో లేదో.
హాల్వర్ తడిచెయ్యి ఎత్తాడు.
ఎత్తిన చెయ్యి దించలేదు
లేచిన దుమ్ము మళ్ళీ గడ్డి మీద కూర్చునేదాకా.

పరిగెత్తినన్నాళ్ళూ పాలు మోశాడు.
ఇప్పుడు నిలబడ్డాడు.
"ఇంకాస్త కొట్టు," అన్నాడు, దోసిలి మళ్ళీ చాపి.

ఆ తర్వాత పది మైళ్ళు మాట లేదు.
నేనూ అడగలేదు.
పదకొండో మైలులో సిగ్నలు లైటు టిక్కుటిక్కుమంది.
ఎడమవైపు ఫెన్సింగుకి అట్టముక్క:
పిల్లి పిల్లలు, ఉచితం.
"వద్దు," అన్నాను.
"చూద్దాం, అంతే," అన్నాడు, స్టీరింగు తిప్పేస్తూ.
రబ్బరు బ్యాండు తెగి
అలబామా పళ్ళెం వచ్చి నా ఒళ్ళో పడింది.