కత్తి ఎందుకని అడిగిన పిల్ల

ఐడహోలో మే నెల.
కొండల నెత్తిన మంచు, పొగ లేని ఆకాశం.
కాలని అడవి పక్కన నిలబడి
కాలే అడవిలోకి దిగడం నేర్పుతున్నాం.

పదకొండు మంది వచ్చారు.
మంటకి కొత్తవాళ్ళు కారు,
చొక్కాల పసుపులో నిరుటి మసి ఉంది.
నడిచి వెళ్ళడం తెలుసు, ట్రక్కుల్లో వెళ్ళడం తెలుసు.
పై నుంచి రావడమే కొత్త.

ముందు చెక్క బురుజు మీద, ఇంజను మోత లేని చోట,
కడ్డీకి తాడు చుట్టడం.
బరువైన మనిషికి ఒక చుట్టు ఎక్కువ.
బిడియంతో బరువు తగ్గించి చెప్పేవాళ్ళుంటారు,
అందుకే కాటా దగ్గర నేనే నిలబడతాను.
డార్విన్ స్టకీ బూట్లు విప్పి ఎక్కాడు.
తొడుక్కుని మళ్ళీ ఎక్కమన్నాను.
మంటలోకి వట్టి కాళ్ళతో దిగుతావా నాయనా?

ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, అంటుంటారు
ఊళ్ళో మాటవరసకి.
ఇక్కడ అది కుడి అరచేయి, తుంటి పక్కన,
తోలు తొడుగు లోపల.
బిగిస్తే ఆగుతావు, వదులు చేస్తే దిగుతావు.
గుండె జారితే జారనీ,
చెయ్యి జారకూడదు.
వారం పాటు ఈ ఒక్క మాటే
గొంతు బొంగురుపోయేదాకా చెప్పాను.

మూడోరోజు నెరేయా ఉర్కిడి అడిగింది,
గొర్రెల వెంట ఈ కొండలన్నీ తిరిగిన
బాస్క్ ముసలాయన మనవరాలు:
"మీ ఛాతీ మీద ఆ కత్తి ఎందుకు?"

ఏటా ఎవరో ఒకరు అడుగుతారు.
ఏటా జవాబుకి ముందు ఒక గుటక మింగుతాను.

"నీ తాడు కొయ్యడానికి."

తాడు కొమ్మల్లో చిక్కుకుని హెలికాప్టర్‌ని లాగితే,
ఇంజను దగ్గితే,
లోపల నలుగురు, తాళ్ళ మీద ఇద్దరు.
లెక్క నేనే చెయ్యాలి,
వేళ్ళు మడిచేంత వ్యవధి కూడా ఉండదు.

"నేను తాడు మీద ఉండగానా?"
"ఉండగానే."

బురుజు కింద ఎవరూ నవ్వలేదు.
స్టకీ తన బూటు లేసులు చూసుకున్నాడు.

ఆ రాత్రి ఆమె పెట్టె సర్దుకుంటుందనుకున్నాను.
వెళ్ళిపోయినవాళ్ళున్నారు. వాళ్ళని తప్పు పట్టను.

తెల్లారి కాఫీ దగ్గరికి వచ్చి
చెయ్యి చాచింది. కత్తి ఇచ్చాను.
బొటనవేలి గోటి మీద పెట్టి చూసి
"మొద్దుబారింది" అంది.
జేబులోంచి, అరిగి నడుము సన్నబడ్డ సానరాయి తీసి,
ఉమ్మి, నూరడం మొదలుపెట్టింది.
వాళ్ళ తాత ఉన్ని కత్తెరలు నూరిన రాయట.
"కోస్తే ఒక్క వేటుకి కొయ్యాలి.
రంపంలా కోసి నా ప్రాణం తియ్యకండి."

ఇరవై రెండేళ్ళ కత్తి.
ఒర దాటి పని చేసిన రోజు ఒక్కటీ లేదు.
ఆ సంగతి ఆమెకి చెప్పలేదు.
ఇప్పుడూ చెప్పను.

ఈ రోజు నిజం హెలికాప్టర్. రెండు వందల యాభై అడుగులు.
రెక్కల గాలికి పైన్ చెట్లు
తలలు విదిలిస్తున్నాయి.
మాట వినపడదు, అంతా చేతులే.
హెల్మెట్ తట్టాను.
కొక్కెం చూపించింది. లాగి చూశాను.
మళ్ళీ లాగి చూశాను.
గుమ్మం దాటి స్కిడ్ మీద నిలబడి
నా కళ్ళలోకి కాదు, ఒర వైపు చూసింది.
ఒళ్ళు దగ్గర పెట్టుకో, అన్నాను,
ఆ మోతలో నాకే వినపడలేదు.
వేలు కిందికి చూపించాను.

తాడు బిగుసుకుంది.
పసుపు చుక్క ఒకటి పచ్చదనంలోకి వెళ్తోంది,
తొందర లేకుండా,
చిల్లర లెక్కపెట్టుకుంటున్నట్టు.
ఊపిరి పీల్చినప్పుడల్లా
ఛాతీ మీద కత్తి బరువు తెలుస్తోంది,
నిన్నటిదాకా లేని బరువు.

చాలాసేపటికి, అంటే పన్నెండు సెకన్లకి,
తాడు వదులైంది.
గడ్డిలోంచి ఒక చెయ్యి లేచింది,
ఎడమది.
కుడిచెయ్యి పిడికిలి
ఇంకా విప్పలేదు.