వెనక కుర్చీ

సదరం క్యాంపులో నా కాలు చూసి
డాక్టరు మా అమ్మనడిగాడు:
"ఈ పిల్ల పేరేటి?"
అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు.
పేరు నా నోట్లోనే ఉంది, చింతగింజలా.
"నన్నడగండి" అన్నాను.
అంతే. చాన్నాళ్ళు నాకు పోరాటమంటే
ఆ ఒక్క మాటే.
బస్సు మెట్టు దగ్గర, నన్నడగండి.
బ్యాంకులో వేలిముద్రకి ముందు, నన్నడగండి.
మా అన్న పొలం కాగితం రాయించిననాడు, నన్నూ.
అడిగించుకుని అడిగించుకుని
గొంతు అరిగిన చీపురైపోయింది.

ఇప్పుడు నరసన్నపేటలో
టైలరింగు షాపు పక్క గదిలో
(మేడ మీద గది ఇస్తానన్నాయన మీద
మాకింకా కోపం పోలేదు)
ఆదివారాలు ఏడుగురం కూర్చుంటాం.
ఢిల్లేశ్వరికి మాట తెమలడానికి టైం పడుతుంది.
ఒక్కో మాటా పలాస జీడిగింజ:
కాల్చి, కొట్టి, పొట్టు తీస్తేగాని
పప్పు చేతికి రాదు.
తొందరున్నవాళ్ళు పెంకు చూసి లేచిపోతారు.
సింహాద్రికి లెక్కలు రావు, ముఖాలు మర్చిపోడు.
గోవిందమ్మ చేతులతో మాట్లాడుతుంది,
మేమింకా గుణింతాల దగ్గరే ఉన్నాం.

అర్జీ రాయడం నేర్పాను వాళ్ళకి.
జీవో నంబర్లు కంఠతా పట్టించాను.
మైకు ఎంత దూరంలో పట్టుకోవాలో చూపించాను.
నోరు మూసుకోవడం ఎలాగో
నాకెవరూ నేర్పలేదు.

సోమవారం. శ్రీకాకుళం. గ్రీవెన్సు.
మండలాఫీసు ర్యాంపు మీద
మోటారుసైకిళ్ళు పెడుతున్నారని అర్జీ.
ఫొటోలు ఢిల్లేశ్వరి తీసింది, పదకొండు, తేదీలతో.
సారు కాగితం చూశాడు.
ఆ పిల్లని దాటి నన్ను చూశాడు.
"ఈ అమ్మాయికేం కావాలండి?"

నాలుక పళ్ళ దాకా వచ్చింది.
జవాబు నాకు పదిహేనేళ్ళుగా తెలుసు.
వెనక క్యూ కూడా ఉంది.
చంకకర్రని గట్టిగా పట్టుకున్నాను.
ఆ రోజు మొత్తానికి నేను చేసిన పని అదే.

"న... న్న... డ... గండి" అంది ఢిల్లేశ్వరి.
ఆ మాట నాది.
నా నోట్లో ఎప్పుడూ ఇంతసేపు నిలబడలేదు.

తన పేరు చెప్పింది. ఊరు చెప్పింది.
సారు పెన్ను మూత తీశాడు, పెట్టాడు, తీశాడు.
ర్యాంపు దగ్గర వాచ్‌మన్ తోసింది తనని కాదంది.
"సింహాద్రిని.
ఇక్కడే ఉన్నాడు.
అతన్నడగండి."

ఇన్నేళ్ళూ నేను వెళ్ళని మలుపది.

సింహాద్రి లేచాడు. చొక్కా గుండీ చూసుకున్నాడు.
తోపులాట గురించి చెప్తాడనుకున్నాం అందరం.
"ఫేను ఆపండి సార్.
అప్ప మాట్లాడతంది, ఇనబడ్డం లేదు."

ఎవరో స్విచ్చి కట్టేశారు.
రెక్కలు నిలిచేదాకా ఎవరూ ఏమీ అనలేదు.
బల్ల మీద అర్జీలు రెపరెపలు మానాయి.
సారు కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

ర్యాంపు ఖాళీ అయిందా అంటారా,
గురువారానికి రెండు బళ్ళు మళ్ళీ వచ్చాయి.
వాటి ఫొటోలూ వచ్చాయి.

తిరుగు బస్సులో, సింగుపురం దాటాక
ఢిల్లేశ్వరి నా మోచెయ్యి గిల్లింది.
"మధ్యలో మీరు దగ్గారు."
దుమ్మే, అన్నాను.
"కాదు. మాట అందించడానికి దగ్గారు."
కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను, దొరికిన దొంగలా.
"వచ్చే సోమవారం గోవిందమ్మ చెప్తాది.
మీరు వెనక కుర్చీలో కూర్చోండి."

ఆ రెండు వాక్యాలకీ మడపాం వంతెన దాకా పట్టింది.
నేను ఒక్కసారి కూడా దగ్గలేదు.