రిజిస్టరులో చేపలు

జులై ఆరు, ఆదివారం.
కావలి పశువుల ఆసుపత్రి గేటు తీసేసరికే
వరస టీకొట్టు దాటి
సైకిలు షాపు దాకా పోయుండాది.

ముప్పై ఏళ్ళు బర్రెల చూలు చూసిన చెయ్యి నాది,
ఇయ్యాల కుక్కల పేర్లు రాయాల.
క్రమసంఖ్య, పేరు, రంగు, యజమాని, సంతకం.

తాళ్ళు చూడాలబ్బా!
చీర అంచు, నైలాను మోకు, కేబుల్ వైరు,
లుంగీ పేలిక, బాయి కాణ్ణించి ఇప్పుకొచ్చిన చేంతాడు.
ఒక్కటంటే ఒక్కటే తోలు బెల్టు.
దాని కొసన, ఏసీ కారులోంచి దిగిన లాబ్రడారు
నేల కాలి, పాదాలు మార్చి మార్చి నిలబడతా ఉంటే
చెంచురామయ్య కండవా తీసి దాని కాళ్ళ కింద పరిచినాడు.
కారెవరిదో కూడా అడగలా.

తొమ్మిదికల్లా ఐదుగురు టైగర్లు.
మూడో టైగరు సూది చూసి బల్ల కింద దూరింది.
దాన్ని లాగబోయిన జిలానీ
తనే ఇరుక్కున్నాడు.

రొయ్యల గుంట గట్టు తగువులో
నాలుగేళ్ళుగా మాటల్లేని వెంగయ్య, రమణారెడ్డి
పక్కపక్కనే పడినారు వరసలో.
వాళ్ళు ఆకాశం చూస్తా ఉండారు.
వాళ్ళ కుక్కలు మాత్రం తోక కాడ మొదలుపెట్టి
చెవుల దాకా ఒకదాన్నొకటి చదువుకున్నాయి.
తాళ్ళు మెలిపడినాయి.
మెలిక తియ్యాలంటే చేతులు తగలాల గదా.
"నీది పట్టుకో."
"నువ్వు వదులు ముందు."
అంతే. రాజీ అని నేననను.
వాయిదా వచ్చే నెల ఉండనే ఉండాది.

పదకొండుకి వచ్చింది మస్తానమ్మ,
వట్టి చేతుల్తో, నీచు వాసనతో.
ఏడుండాయంట, చేపల మార్కెట్టు కాడ.
తాడు ఎయ్యనీవంట. ఆటో ఎక్కవంట.
"మీరే రాండి, నేను పిలిస్తే వస్తాయి."
డాక్టరమ్మకి ఉద్యోగం వచ్చి ఆర్నెల్లు.
మందుల ఐసు పెట్టె నా ఒళ్ళో పెట్టి
స్కూటీ తీసింది.

మార్కెట్టు కడిగిన నీళ్ళు ఇంకా పారతా ఉండాయి.
మస్తానమ్మ అరుగు మీద కూర్చుని
నిదానంగా పిలిచింది.
కొరమీనా! నల్లది, నిగనిగ.
సావిడాయీ! పొడుగు, అంతా ఎముకలే.
చందువా! తెల్లది, వెడల్పు మొహం.
జెల్లా! మీసాలు చూసి పెట్టిందంట.
పండుగప్పా! ఆయాసపడతా వచ్చింది.
నెత్తళ్ళూ! ఉండేది ఒక్కటే,
గోల మాత్రం గంపెడు.
ఏడోది, ఎవురో మొన్న గోతంలో తెచ్చి పడేసిన పిల్ల,
ఇంకా చేప కాలేదు.

ఆమె తొడ మీద తల ఆనించి
ఒక్కోటీ పొడిపించుకుని పోయింది.

యజమాని గడి కాడ నా పెన్ను ఆగింది.
"నీ పేరు రాసేదా?"
"నేను యజమానేందయ్యా," నవ్వింది.
"తలకాయలు మిగిలితే ఏస్తా.
మిగలని రోజు అవీ పస్తే, నేనూ పస్తే.
ఆ రోజు గూడా ఇంటిదాకా దిగబెట్టే పోతాయి."
అయినా ఏలిముద్రలు ఏసింది,
ఏడుకి ఏడు.

నెల తర్వాత నెల్లూరు నించి ఫోను.
"ఏందయ్యా, కొరమీనుకి రేబిస్ టీకానా?
పండుగప్పకి గూడానా?
చేపల శాఖ మనది కాదయ్యా, పక్క బిల్డింగు!"

ఏం చెప్పేది? రిజిస్టరు తీసినా.
ఏడో వరసలో పేరు గడి ఖాళీ.
అదే వరసలో, ఏలిముద్ర అంచున అంటుకుని
చిన్నది, ఎండి పోయి,
ఫ్యాను గాలికి కాయితం లేచినప్పుడల్లా మెరస్తా...

"లైన్లో ఉండావా?" సారు అరస్తా ఉండాడు.
"ఉండా సార్.
ఏడోదాని పేరు రాయడం మర్చిపోయినా,
రాసుకోండి:
పొలుసు."