అక్షరానికి అర సెన్ను

హెల్మా చరిత్ర రాస్తానంటూ వచ్చాడు కుర్రాడు.
చంటిపిల్లను పడుకోబెట్టినట్టు
గుడ్డ విప్పి కెమెరా నా ముందు పెట్టాడు.
"జర్మనీవాళ్లతో ఒప్పందం ఉండేదా బామ్మగారూ?"
నవ్వాపుకోలేక టీ ఒలకబోసుకున్నాను.

ఏం ఒప్పందం నాయనా!
కాందాలో కుజె గారి దుకాణం,
గుమ్మానికి ఇత్తడి గంట, గోడమీద బెర్లిన్ వీధి బొమ్మ.
ఆయన బెర్లిన్ ఎరగడు.
యొకొహామా రేవులో దిగే పెట్టెలమీద రాతలు చూశాడు,
తలా ఒక అక్షరం కాజేశాడు,
ఐదింటితో ఒక పేరు కట్టాడు.
ఏ భాషలోనూ దానికి అర్థం లేదు.
ముప్పై ఎనిమిది యెన్లు పలికింది.

డబ్బా షితాయాలో ఓ తాళాల పనివాడు చేసేవాడు.
కటకం ఇతాబాషి నుంచి వచ్చేది.
షట్టరు ఎక్కడిదో అడగొద్దనేవాళ్లు.
మడతల తోలు కుట్టింది గొడుగులు మానేసిన ముసలాయన,
వాన పడితే ఆ రోజు పని చెడేది,
ఆకాశానికేసి చూస్తూ కూర్చునేవాడు.
సొమ్మొకరిది, సోకొకరిది.
కుజె గారిది పేరొక్కటే.

ఆ పేరు కూడా, నిజం చెప్పొద్దూ, మా ఇంట్లోదే.
హోంజోలో కాలవ ఒడ్డున ఒంటి గది.
మా అన్న తమేకిచి ఉలితో చెక్కేవాడు,
ఆ గుంతల్లో నేను సూదిమొనతో తెల్లరంగు నింపేదాన్ని.
అక్షరానికి అర సెన్ను.
పరాయి రాత నాకు చదవడం రాదు, అన్నే చెప్పాడు:
ఇది నిచ్చెన, ఒక్కటే మెట్టు.
ఇది పళ్లూడిన దువ్వెన.
ఇది వడ్రంగి మూలమట్టం.
ఇవి జంట కొండలు,
ఇది అడ్డదూలంతో సహా ఇంటికప్పు.
ఐదూ నింపి మెల్లగా ఊదాలి.
ఊపిరి ఎక్కువైతే కొండ కరిగి కప్పుమీద పడేది,
తుడిచి మళ్లీ మొదలు.

తర్వాత పరాయి పేర్లు కూడదన్నారు పైవాళ్లు.
బెర్లిన్ మనవాళ్లదే కదా అని గొణిగి,
అయినా బొమ్మ దింపేశారు కుజె గారు.
కొత్త పేరు 'హొమారె'. కీర్తి అని.
ఇరవై గీతలు, ఒకే ఒక్క అక్షరం.
దానికీ అర సెన్నే!
అన్న తగువుకెళితే ఖాతా పుస్తకం తెరిచి చూపించారట,
'అక్షరానికి' అనే ఉంది అందులో.

ఆ పేరు నేను చదవగలిగాను.
చదవగలిగిన పేరుతో బయటికి పోయినవి
నలభయ్యో, యాభయ్యో.
ఆపైన ఇత్తడి దొరకలేదు.
ఆపైన అన్నకు ఎర్ర కాగితం వచ్చింది.
ఆపైన మార్చి నెల, ఆ రాత్రి.
అది నీ పుస్తకంలోకి వద్దు.
దుకాణం ఉండాల్సిన చోట గంట మాత్రం
కరిగి సాగి, బూడిదలో
నాలుకలా పడి ఉంది.

యుద్ధమయ్యాక ఎవరెవరివో కెమెరాలు,
వాటి అడుగుబిళ్లలు వచ్చాయి నింపడానికి.
పంతొమ్మిది అక్షరాలు.
'ఆక్రమిత జపానులో తయారు' అనట,
తెచ్చిన పిల్లవాడు నేలచూపులు చూస్తూ చెప్పాడు.
నేను వెతికింది వేరే.
కొండలు ఉన్నాయి.
దువ్వెన రెండుసార్లు కనపడింది,
ఇంటికప్పులైతే మూడు, మా వీధిలో అప్పటికి అన్ని లేవు.
నిచ్చెన లేదు. మూలమట్టం లేదు.
బిళ్ల తర్వాత బిళ్ల తిప్పి చూశాను,
ఏ అంచునైనా చెక్కి దాచాడేమోనని.

కుర్రాడి కలం ఆగింది.
"అయితే హెల్మా ఎవరిదని రాయమంటారు?"

కెమెరాను కిటికీ వెలుగులోకి తిప్పాను.
అన్నీ బాగానే ఉన్నాయి,
నిచ్చెన మెట్టులో మాత్రం రంగు రాలిపోయింది.

ఇవాళ్టికి ఇది ఇక్కడ వదిలి వెళ్లు, అన్నాను.
సూది ఎక్కడో ఉండాలి.