మైనస్ ఎనభై

హార్షమ్‌లో అక్టోబరు గాలికి చేతినిండా పని.
గోధుమ వెన్ను తీసే వేళ
ఒక చేలోంచి ఇంకో చేలోకి
కనపడని సరుకు మోస్తుంటుంది.

ఐలీన్ ట్రెజీస్ ముప్పై ఒక్క ఏళ్ళు
ఆ సరుకు లెక్క రాసింది.
ఆకు మీద పొక్కు, పొక్కులో పొడి,
ఆ పొడి ఏ తెగ, దేన్ని తిని బతుకుతోంది.
ఎప్పుడూ పెన్సిలే.
"బూజు మాట మారుస్తుంది,
మనకీ దిద్దుకునే వీలుండాలి" అనేది.

మొదటి రోజే అడిగింది, మీ వైపు దీన్నేమంటారని.
కుంకుమ తెగులన్నాను.
ఇంకా?
కాటుక తెగులు. బూడిద తెగులు. అగ్గి తెగులు.
కాసేపాగి అంది:
"శత్రువుక్కూడా ముస్తాబు చేశాకే
పేరు పెడతారన్నమాట."

పద్నాలుగో ఏట ఒక వంగడం నిలబడింది.
తమ్ముడు గ్రెయమ్ ఆరువందల ఎకరాలు వేశాడు.
ముసురు పట్టింది, మంచు కురిసింది,
ఆకు పచ్చగానే ఉంది.
అలా ఉండటమే తప్పయింది.
కాన్‌బెర్రా నుంచి ఉత్తరం:
సమస్య తీరిపోయినందున నిధుల అవసరం కనపడటం లేదు.
రెండుసార్లు చదివి,
వెనకవైపు ఖాళీగా ఉందని
ఆ రోజు పొక్కుల లెక్క దానిమీదే వేసింది.

గ్రీన్‌హౌసుకి తాళం పడింది.
కుర్రాళ్ళలో ఒకడు ద్రాక్షతోటలకి,
ఒకమ్మాయి బీమా కంపెనీకి.
వీడ్కోలు కేకు మీద క్రీముతో గోధుమ కంకి,
ముళ్ళు తప్పుగా దిద్దారని ఆమె గొణిగింది.
నాకు మిగిలింది గుయ్‌మనే ఒక ఫ్రీజరు,
దానికి అంటించిన చీటీ:
కరెంటు పోతే ముందు నన్ను పిలువు,
తర్వాత కరెంటువాళ్ళని.

తొమ్మిదో ఏడు గ్రెయమ్ ఫోను చేశాడు.
వెళ్ళాం.
ఈ కంచె నుంచి ఆ కంచె దాకా
ఒక్కతే నడిచింది.
తిరిగొచ్చేసరికి తెల్ల ప్యాంటు మోకాళ్ళ దాకా
పసుపు రాసిన గడప.
తమ్ముడు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు,
ఏమీ అడగలేదు.
"నా గోధుమని చదవడానికి
దీనికి తొమ్మిదేళ్ళు పట్టింది" అంది,
ఆలస్యంగా పాసైన మంచి విద్యార్థి గురించి చెప్పినట్టు.

బట్టలు విప్పి సంచిలో మూట కట్టి
మరదలి పూల గౌను తొడుక్కుని కారెక్కింది.
ల్యాబు తలుపు దగ్గర ఆమె కార్డు పనిచెయ్యలేదు.
నాది పనిచేసింది.

మూత ఎత్తితే తెల్లటి పొగ.
తేదీల వారీగా గొట్టాలు,
ప్రతి గొట్టంలో ఒక ఏడాది ఓటమి,
ఇంకా ప్రాణంతోనే.
గౌను చేతులు పైకి మడుచుకుంది.
"కొంచెం జరుపు వాటిని.
కొత్తదానికి చోటు కావాలి.
పెన్సిలేదీ?"