రాయని రాయి

కాలసిన్ ఆసుపత్రి, మెట్ల కింద గది.
ఫ్యాను తిరిగితే కాగితాలు లేస్తాయి,
ఆపితే నేను ఉడికిపోతాను.
అందుకే ఫైళ్ల మీద బరువుకి
పచ్చి బొప్పాయి దంచే పాత రోకలి ఒకటి పెట్టుకున్నాను.

పదిహేడో ఫైలు:
బున్‌లూట్, యాభై మూడేళ్లు, చెరకు నరికే పని.
ఎడమ కిడ్నీ వాచింది.

నీరు పల్లమెరుగు అంటారు.
ఎరిగి ఏం లాభం,
పల్లానికి పోయే ఒక్క దారిలో
కందిగింజ కంటే పెద్దది అడ్డం పడితే?
తోటలో మధ్యాహ్నం దాకా ఒక్క సీసా నీళ్లతో నెట్టుకొచ్చే మనిషి.
ఆ కాసిన్ని నీళ్లూ వెనక్కి నడిచాయి.
స్కానింగ్ బొమ్మలో లోపలి అరలన్నీ ఉబ్బి
నల్లటి అరచెయ్యి
వేళ్లు చాచి ఆగమన్నట్టు ఉంది.

డాక్టరు రాసింది ఒకటే మాట: వాపు.
ఎందుకో లేదు.
స్కాన్ తీసినామె రాయిని చూసింది, కొలిచింది,
తొమ్మిది మిల్లీమీటర్లు.
నేనూ చూశాను.
నా చూపు లెక్కలోకి రాదు.
డాక్టరు రాయని రాయి
నా పుస్తకంలో రాయి కాదు.

ఎన్ పదమూడు, చుక్క.
చుక్క తరువాతే అసలు సంగతి.
కారణం తెలియకపోతే మూడు. రాయి అయితే రెండు.
చీము పడితే ఆరు.
నర్సు చార్టు తిరగేశాను, వేలితో గీత వెంట:
ముప్పై ఏడు, ముప్పై ఏడు, ముప్పై ఏడు.
ఆరు కాదు. బతికాడు.

డాక్టర్ థనక్రిత్‌కి చీటీ పంపాను.
"రాయేనా?" అని అడగకూడదు,
నోట్లో మాట పెట్టినట్టవుతుంది.
"వాపుకి కారణం దయచేసి తెలుపగలరు."
మూడు రోజులకి తిరిగొచ్చింది,
కాఫీ మరకతో, కోడిగీతల్లో: రాయి.
రెండు కొట్టాను.

అక్కడితో నా పని అయిపోవాలి.
ఆపరేషన్ కాగితం అడుగున ఉండిపోయింది, చదివాను.
రాయి అక్కడే ఉంది.
దాన్ని దాటించి ఒక సన్నని గొట్టం పెట్టారు,
రెండు చివర్లా పందితోకలా చుట్ట.
మూడు నెలల్లో తియ్యకపోతే
గొట్టానికే రాళ్లు కాస్తాయి.
ఇంటికి పంపిన చీటీలో మాత్రలున్నాయి, నీళ్లు తాగమని ఉంది.
మళ్లీ ఎప్పుడు రావాలన్న గడి
ఖాళీ.

మరిచిపోయిన తేదీకి కూడా ఓ అంకె ఉందేమో.
వెతకలేదు. ఫోనెత్తాను.

లారీ రొద. ఎవరిదో నవ్వు.
"లోపల గొట్టమా? నాకెవరూ చెప్పలేదే!
ఒంటికి పోసినప్పుడల్లా నడుం లాగుతుంటే
చెరకు మోత అనుకున్నాను.
ఇంతకీ నువ్వెవరమ్మా, డాక్టరువా?"

"కాదు మామా. నీ కాగితాలు చదివేదాన్ని."

కాసేపు మాట లేదు.
చెరకాకు తొక్కిన చప్పుడు.
"తేదీ చెప్పు. పెన్ను లేదు,
లారీ తలుపు మీద దుమ్ముంది, వేలితో రాస్తా."

దుమ్ము మీద కాదు మామా,
కాగితం మీద
రాయి.