పాటు దిగిన పూట

చొల్లంగి దాటాక పాయ రెండుగా చీలే చోట
ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగింది.
"ఆయ్, పాటు తీసేసిందండీ" అన్నాడు గంగాద్రి,
పోయిన నీళ్ళకి తనే పూచీ అయినట్టు.
పడవ బురద మీద కూర్చుంది,
నెమరేయడానికి గేదె కూర్చున్నట్టు, తొందర లేకుండా.

మళ్ళీ పోటెక్కేది మూడింటికి.
అప్పటికి తొమ్మిదన్నా కాలేదు.

నేను వచ్చింది ఒక్క పిట్ట కోసం.
ఎక్కడో మంచుదేశంలో కాలికి పచ్చ పట్టీ వేసి వదిలారట,
నిరుడు ఇదే పాయలో ఎవరో చూశారట.
రావులపాలెం డిపోలో ఇరవై రెండేళ్ళు
టికెట్ల కట్టలూ చిల్లర సంచులూ లెక్కేసిన చెయ్యి నాది,
పావలా తేడా వచ్చినా ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు.
నోటుబుక్కులో ముందే గళ్ళు గీసుకొచ్చాను.
ఆ పిట్ట గడిలో పెన్సిలుతో చిన్న చుక్క కూడా.

నీళ్ళు పోతూ పోతూ
దాచినవన్నీ బయట పెట్టాయి.
మడచెట్లు ఊపిరికోసం పైకెత్తిన వేల వేళ్ళు,
ఒంటికాలి చెప్పు, తెగిన వల,
కళ్ళు నెత్తిన పెట్టుకుని గెంతే బురదచేపలు,
ఒక్క పిడికిలి ఎత్తి ఊరందర్నీ బెదిరించే ఎర్ర పీతలు.
ఎవరు కబురంపారో,
ఆ వెనకే పిట్టలు.

ఉల్లంకులు ముందు నాలుగు.
తర్వాత నలభై.
తర్వాత నేను లెక్క తప్పాను.
బురదంతా కుట్టుమిషన్ల దుకాణంలా ఉంది.
వంపు ముక్కుది ఒకటి, కలుగులోకి కళ్ళదాకా దింపి
పీతని తిప్పి తిప్పి లాగుతోంది,
ఇరుకు బీరువాలో తాళంచెవి వెతికే మనిషిలా.

"మీ పుస్తకంలో ఏటంటారో గానీ
మేం దాన్ని ఏడుపుగొట్టుది అంటామండీ.
చీకటడ్డాక కూత వినండి, తెలుస్తాది."

ఎండు రొయ్యల పొడి, చద్దన్నం
డబ్బా మూతలో నాకు సగం పెట్టాడు.
దూరంగా సముద్రం మీద గ్యాసు మంట
పట్టపగలు కూడా ఆరకుండా వెలుగుతోంది, ఎవరికోసమో.

"మేడంగారూ, ఆ పచ్చ పట్టీదే కావాలా?"
అడిగి, రెండు వేళ్ళు పెదాల దాకా తెచ్చాడు.
ఆగాడు.
దించి లుంగీకి తుడుచుకున్నాడు.

పదేళ్ళప్పుడు, నాన్నతో,
గుర్రపు వెంట్రుకల ఉచ్చులు పన్ని
మడల్లో బోర్లా పడుకుని కూసేవాడట.
జత తప్పిన పిట్ట కూత. అచ్చం అదే.
దిగేవట, విన్నవి విన్నట్టే.
యానాం సారా కొట్ల దగ్గర జత ఎనిమిది రూపాయలు.

"ఇప్పటికీ వచ్చండీ ఆ కూత.
పీకలోనే ఉంటాది.
మా పిల్ల అడిగినా కుయ్యలేదండీ.
నమ్మి వచ్చినియ్యన్నీ..."
మిగతాది పీత కలుగు వైపు చూస్తూ మింగేశాడు.

నేను అడగొచ్చు.
ఒక్కసారి. ఉచ్చుల్లేవుగా,
నా చేతిలో ఉన్నది దుర్భిణేగా.
నోరు తెరిచాను కూడా.
ఒళ్ళో తెరిచి ఉన్న పేజీ కనబడింది,
గుర్రపు వెంట్రుకంత సన్నగా, నల్లగా,
వరసగా నా గీతలు.

"మంచినీళ్ళున్నాయా?" అన్నాను.

మూడింటికి కాదు, రెండూ నలభైకే వచ్చింది పోటు,
అప్పు తీర్చలేని బంధువులా
పక్కదారుల్లోంచి, చప్పుడు లేకుండా.
పీతలు తలుపులు వేసుకున్నాయి.
ఒడ్డు ఇరుకై, ఇంకా ఇరుకై,
పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి.
లేచి, తిరిగి, తెల్లటి కడుపులు మెరిపించి
ఎవరో దుప్పటి దులిపినట్టు మడల మీదుగా వాలిపోయాయి.
ఆ మెరుపులో పచ్చగా ఏదో.
కాలిదో, మడ ఆకుదో.
"చూశారా?" అన్నాడు.
"ఏమో" అన్నాను.
గడి అలాగే ఉంది, చుక్కతో.

పడవ తేలింది. ఇంజను అందుకుంది.
వెనక్కి తిరిగి చూస్తే
చుక్కాని దగ్గర గంగాద్రి పెదాలు సున్నాలా చుట్టి ఉన్నాయి.
కూశాడో, బీడీ పొగే వదిలాడో,
ఇంజను మోతలో నాకు వినబడలేదు.
మడల్లోంచి మాత్రం
ఏదీ లేచి రాలేదు.